అక్షేత్రం

నేను తెలుగు పండితుణ్ణి. గణితం నా వృత్తి కాదు. అయినా ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒకనాడు, లెక్కల మాస్టారు సెలవు పెట్టగా, తొమ్మిదో తరగతికి వెళ్ళవలసి వచ్చింది. 3, 6, 9 భుజాలుగా గల త్రిభుజ వైశాల్యం ఎంత అని, తోచిన అంకెలు నల్లబల్లపై వ్రాశాను. సూత్రం కంఠస్థమైన పిల్లలు గబగబా గుణించారు. చివరికి సున్నా వచ్చింది. తమ లెక్కలోనే తప్పు దొర్లిందనుకొని చెరిపి, మళ్ళీ మొదలుపెట్టారు. తప్పు ప్రశ్నలో ఉన్నదని నాకూ తట్టలేదు.

చాలా ఏళ్ళకు లీలావతి గణితం తిరగవేస్తుంటే సరిగ్గా అవే మూడంకెలు ఎదురయ్యాయి!

1114లో జన్మించిన భాస్కరాచార్యుడు 36వ ఏట, అంటే 1150లో, సిద్ధాంతశిరోమణిని రచించాడు. లీలావతి అందులోని భాగమే. క్షేత్రవ్యవహారంలో లంబకోణ త్రిభుజాల లెక్కలు చెప్పి, తక్కిన త్రిభుజాల లంబాన్నీ ఫలాన్నీ బోధించబోయే ముందు ఆయన ఒక హెచ్చరిక చేశాడు. సరళరేఖలతో ఏర్పడే ఆకృతిలో ఏ ఒక్క భుజం కంటెనైనా మిగిలిన భుజాల మొత్తం తక్కువైనా, దానికి సమానమైనా, అది క్షేత్రం కాదు, 'అక్షేత్రం'. ఇందుకు ఆయన ఇచ్చిన ఉదాహరణలు రెండు: 3, 6, 2, 12 భుజాల చతుర్భుజం, 3, 6, 9 భుజాల త్రిభుజం. ఆ కొలతలకు తిన్నని పుల్లలు పేర్చి చూపమన్నాడు.

నేను చీపురుపుల్లలు విరిచి చూశాను. మూడు, ఆరు కలిసి తొమ్మిది మీద వాలి పడుకున్నాయి. శీర్షం పైకి లేవలేదు. పిల్లలకు వచ్చిన సున్నాకు అర్థం అదే! తొమ్మిదికి బదులు పది వ్రాసి ఉంటే లబ్ధం ఋణసంఖ్య అయ్యేది. ఋణసంఖ్యకు వర్గమూలం లేదని భాస్కరుడే తన బీజగణితంలో చెప్పాడు.

ఇంత తేటతెల్లమైన విషయానికి ఒక సూత్రం అవసరమా అనిపించవచ్చు. గ్రీకుదేశంలోనూ ఈ ఆక్షేపణ వచ్చింది. క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ తన గ్రంథం మొదటి భాగపు 20వ ప్రతిపాదనలో, త్రిభుజంలో ఏ రెండు భుజాల మొత్తమైనా మూడవదానికంటె అధికమని నిరూపించాడు. ఒక మూల గాడిదను నిలిపి మరొక మూల గడ్డి వేస్తే అది రెండు భుజాలు చుట్టి రాదు, తిన్నగానే పోతుంది, గాడిదకు తెలిసినదానికి నిరూపణ దేనికని ఎపిక్యూరస్ మతస్థులు నవ్వారట. క్రీ.శ. 5వ శతాబ్దిలో ఈ సంగతి చెప్పిన ప్రోక్లస్, చూచి తెలుసుకోవడం వేరు, కారణమెరుగడం వేరు అని సమాధానమిచ్చాడు.

భాస్కరుని శ్రద్ధ మరొకచోట ఉన్నది. లెక్కకు దిగేముందు ప్రశ్ననే పరీక్షించమన్నాడు. అటువంటి కొలతలిచ్చి అడిగేవాణ్ణి 'ధృష్టుడు' అన్నాడు. పెంకితనం గలవాడని అర్థం. వాడిచ్చినది అక్షేత్రమని నిర్భయంగా చెప్పమన్నాడు.

ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. తొమ్మిదో తరగతిలో ఆనాటి ధృష్టుణ్ణి నేనే కదా! ఒక్క పిల్లవాడైనా లేచి "మాస్టారూ, ఇది త్రిభుజం కాదండీ" అనలేదు. అనగలిగే చనువు వాళ్ళకు నేనెప్పుడైనా ఇచ్చానా అన్నదే ఇప్పటికీ నన్ను బాధించే ప్రశ్న.