దండుగ పని అనే నింద

అమెరికాలో ‘బూన్‌డాగల్’ అనే మాట ఒకటి ఉంది. ప్రజాధనం తగలేసి చేసే పనికిమాలిన పని అని దాని అర్థం. మొదట అది బాయ్ స్కౌటు పిల్లలు తోలుపోగులతో అల్లి మెడలో వేసుకునే తాడు పేరు. అంత అమాయకమైన మాట తిట్టుగా ఎలా మారిందో తెలుసుకోదగిన కథ.

1935 ఏప్రిల్‌లో న్యూయార్కు నగరసభ వారు నిరుద్యోగ సహాయ వ్యయంపై విచారణ జరిపారు. చేతిపనులు నేర్పే శిక్షకుడొకడు సాక్ష్యమిస్తూ, తాను నేర్పేవాటిలో బూన్‌డాగల్సు కూడా ఉన్నాయన్నాడు. పత్రికలు ఆ మాటను శీర్షికకెక్కించాయి. దేశంలో కోటిమంది దాకా పనిలేక ఉన్న రోజులవి! మిల్లులకు తాళాలు వేయించిన పెట్టుబడిదారీ అరాచకానికి పెట్టని పేరును, అది వీధిన పడవేసినవాడి చేతిపనికి పెట్టారు.

ఈ మాంద్యం నుంచి బూన్‌డాగల్ చేసి గట్టెక్కగలిగితే ఆ మాటే ప్రజల గుండెల్లో నిలిచిపోతుందని 1936 జనవరిలో రూజ్వెల్టు ఎదురుదెబ్బ తీశాడు. ఆయన ఈ పనులు పెట్టింది పెట్టుబడిదారీ విధానాన్ని కాపాడుకోవడానికే ననుకోండి, అది వేరే సంగతి. 1935 నుంచి 1943 దాకా డబ్ల్యు.పి.ఎ. సంస్థ సుమారు 85 లక్షల మందికి పని చూపింది. రోడ్లు వేశారు, బడులు కట్టారు. పనిలేని రచయితలు పల్లెలకు పోయి, ఒకనాడు బానిసలుగా బతికిన నీగ్రో వృద్ధుల దగ్గర కూర్చుని 2,300కు పైగా ఆత్మకథనాలు రాసుకొచ్చారు. రచయితకు కూలి ఇవ్వడం కూడా దండుగేనన్నారు. బానిసత్వాన్ని బానిస నోటనే వినదలచిన చరిత్రకారుడికి ఈనాడు ఆ కాగితాలే దిక్కు.

యుద్ధ ఫ్యాక్టరీలు నిరుద్యోగుల్ని లాక్కోగానే ఆ సంస్థను మూసేశారు. ఫాసిజాన్ని ఓడించడానికి ఆ ఫిరంగులు కావలసినవే. కాని పేలి బూడిదయ్యే సరుకు చేసినవాడి కూలికి లెక్క అడగనివారే, బడి కట్టినవాడి కూలికి లెక్క అడిగారు.

మన ‘దండుగ’కు జరిమానా అనే అర్థమూ ఉంది. 1877 కరువులో మద్రాసు రాజధానిలో పని చేసినవాళ్ళు ఆ జరిమానా కట్టారు. సర్కారు సొమ్ము వృథా కారాదని రిచర్డు టెంపుల్ దొర కరువుపనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యానికీ, దానిపై కాస్త చిల్లరకూ దించాడు. అడయారు, కూవం నదుల్ని కలిపే కాలువ 1877-78లో తవ్వింది కరువు కూలీలే. కాలువకు మాత్రం గవర్నరు బకింగ్‌హాం పేరు పెట్టారు.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలయింది. గోతులు తవ్వి పూడ్చడమే గదా అని దాన్నీ వెక్కిరించినవారున్నారు. కూలీలు మాత్రం దాన్ని పాతపేరుతోనే పిలుచుకున్నారు: కరువుపని.