మదురై అరవింద నేత్రవైద్యశాల: నిర్వహణ చరిత్ర

విజయనగర ప్రభువుల కాలమునను, పిదప మదురై నాయకరాజుల కాలమునను తెలుగువారనేకులు తమిళదేశమున స్థిరపడిరి. ఎట్టయపురము, కోవిల్‌పట్టి ప్రాంతములందలి నల్లరేగడి భూములను సాగుచేసినవారిలో వారును కలరు. ఆ సీమలోని వడమలాపురమున 1918 సం. అక్టోబరు 1వ తేదీన ఒక రైతు కుటుంబమున డాక్టరు గోవిందప్ప వేంకటస్వామి గారు జన్మించిరి. వారు స్థాపించిన నేత్రవైద్యశాల చరిత్ర, సుపరిపాలనము లేనిచో దానధర్మము నిలువదని నిరూపించిన చరిత్ర.

వేంకటస్వామి గారు 1944లో మదరాసు స్టాన్లీ వైద్యకళాశాలలో పట్టము పొంది సైన్యమున వైద్యులుగా చేరిరి. అంతలో కీళ్లవాతము వారిని మంచమున పడవేసెను. చేతివ్రేళ్లు శాశ్వతముగ వంకరలు పోయెను. ప్రసూతివైద్యమున ప్రవేశింపవలెనన్న కోరికను విడిచి వారు నేత్రవైద్యము నభ్యసించిరి. ఆ వ్రేళ్లతోడనే శస్త్రము పట్టుట నేర్చి, తమ జీవితమున లక్షకు పైగా నేత్రచికిత్సలు చేసిరి. 1956 నుండి మదురై ప్రభుత్వ వైద్యసంస్థలో నేత్రశాఖకు అధిపతులై, గ్రామములందు శిబిరములు నడపిరి. 1973లో వారికి పద్మశ్రీ బిరుదము లభించెను.

1976లో ఉద్యోగవిరమణానంతరము, తోబుట్టువుల తోడ్పాటుతో అద్దెయింట పదునొకండు పడకల వైద్యశాల నెలకొల్పిరి. దానికి శ్రీ అరవిందుల పేరిడిరి. ధనవంతులు రుసుము చెల్లింతురు, లేనివారికి ఉచితము. రెండు తెగలవారికిని వైద్యులు వారే.

శుక్లముచే అంధులైనవారు అసంఖ్యాకులు, వైద్యులు కొలదిమంది. కావున వైద్యుని కాలమే అన్నిటికంటె అరుదైన వస్తువని వేంకటస్వామి గారు గ్రహించిరి. గ్రామీణ యువతులకు రెండేండ్లు శిక్షణమిచ్చి, చూపు పరీక్షించుట, రోగిని సిద్ధపరచుట, కట్టు కట్టుట మొదలగు పనులను వారికప్పగించిరి. శస్త్రశాలలో బల్లలు ప్రక్కప్రక్కన నుంచబడెను. ఒక రోగికి చికిత్స ముగియులోపల రెండవవానిని నర్సులు సిద్ధము చేయుదురు. వైద్యుడు సూక్ష్మదర్శినిని అటు త్రిప్పుకొని పని సాగించును. ఇట్లొక్కొక్క వైద్యుడు ఏటికి రెండువేలకు పైబడి చికిత్సలు చేయగలిగెను. ఇది తొందరపాటు కాదు. వైద్యుడు తానే చేయవలసిన పనికి మాత్రమే అతని చేయి వినియోగపడుట.

ఐనను, ఉచితమన్నను రానివారు పెక్కండ్రుండిరి. విచారింపగా బస్సు ఛార్జి, భోజనవ్యయము, తోడువచ్చువాని కూలినష్టము అడ్డుపడుచున్నవని తేలెను. అంతట శిబిరమునుండియే రోగులను వాహనమున తెచ్చి, భోజనమిడి, మరల ఊరు చేర్చు ఏర్పాటు జరిగెను. రోగి రాని శస్త్రశాల ఎంత చక్కగ అమర్చినను వ్యర్థమేకదా!

మరియొక అడ్డంకి కంటిలో అమర్చు కటకము. విదేశములనుండి తెప్పించుకొనిన కటకముల వెల పేదలకు అందనిది. 1992లో ఆరోలాబ్ అను కర్మాగారము నెలకొల్పి వానిని మదురైలోనే తయారుచేయించిరి. ధర మిగుల తగ్గెను. ఆ కాలముననే ఇతర వైద్యశాలలకు నిర్వహణ పద్ధతులను బోధించు శిక్షణసంస్థయు వెలసెను.

2006 సం. జులై 7వ తేదీన వేంకటస్వామి గారు పరమపదించునాటికి తేని, తిరునెల్వేలి, కోయంబత్తూరు, పుదుచ్చేరి పట్టణములందును ఈ వైద్యశాలలు వెలసియుండెను. చికిత్సాలయములు నెలకొల్పనెంచు సంఘములవారు వీనినుండి గ్రహింపవలసినది ఒక్కటి కలదు: భవనము ఎంతటిదని గాక, వృథాపోవు నిమిషమెక్కడ, ఇంటనే నిలిచిపోయిన రోగియెక్కడ అని మొదట విచారింపవలెను. పదునొకండు పడకలనాడే ఆ విచారణ ఆరంభమయ్యెను.