పేటపోలి పంచ్ నుండి పాటల పానీయముల దాక

రమ్ము అను మద్యమును పండ్లరసములతోను, చక్కెర పాకముతోను కలిపి, ఆ మిశ్రమమునకు తమకు ప్రియమైన పాట పేరు పెట్టుట నేడు పెద్ద నగరముల పానశాలలలో ఒక వేడుకయైనది. పాటలోని భావమునకు తగిన రంగు, దాని లయకు తగిన ఘాటు ఏర్చి కూర్చుటయే అందలి నేర్పని చెప్పుదురు. ఇట్టి మిశ్రమములకు 'కాక్‌టెయిల్' అని పేరు. ఇది మనతో ఏ సంబంధమును లేని దూరదేశపు సరదా యని పాఠకులు తలచవచ్చును. కాని ఈ పానీయముల పూర్వచరిత్రను వెదకుచు వెనుకకు పోయినచో, దాని తొలి జాడలలో ఒకటి మన గుంటూరు సీమ సముద్రతీరముననే కనబడును.

తాడేపల్లి పొరుగుననున్న సీతానగరము కడ కృష్ణనుండి బయలుదేరు పశ్చిమ డెల్టా కాలువలు సముద్రము దెస సాగిపోవును. ఆ డెల్టా అంచున నిజాంపట్నము అను రేవు కలదు. నేడది బాపట్ల జిల్లాలోనిది. పదునేడవ శతాబ్దమున ఐరోపా వర్తకులు దానిని 'పేటపోలి' యని వ్యవహరించిరి. 1606లో డచ్చివారు అచ్చట వర్తకము ప్రారంభించిరి. 1611లో 'గ్లోబ్' అను ఓడపై ఇంగ్లీషువారు వచ్చిరి. గోల్కొండ సుల్తానుల యేలుబడిలోని ఆ రేవునకు వారిని రప్పించినవి మన నూలుబట్టలు, వానికి ఎర్రరంగు నిచ్చు చిరివేరు.

1632 సెప్టెంబరు 28వ తేదీన రాబర్ట్ ఆడమ్స్ అను కంపెనీ ఉద్యోగి, పేటపోలిలోని థామస్ కోలీ అను వర్తకునకు ఒక లేఖ వ్రాసెను. కలసి యుండు మిత్రులు ఇంటిని చక్కగా నడుపుకొందురు గాక యని కోరుచు, ఆ వాక్యముననే అతడు 'పంచ్' అను పానీయమును ప్రస్తావించెను. ఇంగ్లీషు భాషలో ఈ పానీయపు పేరు కనబడు మొట్టమొదటి వ్రాత ఇదియేనని నిఘంటుకారులు చూపుచున్నారు. నేటి కాక్‌టెయిల్‌లకు ఈ పంచ్ తాతవంటిది.

పంచ్ అనగా నేమి? 1638లో సూరతును చూచిన మాండెల్‌స్లో అను జర్మను యాత్రికుడు అందు సారాయి, పన్నీరు, నిమ్మజాతి పండ్లరసము, చక్కెర కలియునని వ్రాసెను. 1672 మొదలు దాదాపు పదియేండ్లు తూర్పుదేశములు తిరిగిన జాన్ ఫ్రయర్ అను వైద్యుడు, అయిదు వస్తువులు చేరుటచేతనే ఆ పేరు వచ్చినదనెను. మన 'పంచ'మే ఇంగ్లీషున పంచ్ అయినదని దీని భావము. పీపాకు ఇంగ్లీషున గల 'పంచియన్' అను మాటయే దీనికి మూలమని మరికొందరందురు. మాండెల్‌స్లో చెప్పినవి నాలుగే వస్తువులు కనుక ఈ వాదము తెగలేదు.

ఆశ్చర్యమేమనగా, అందుండి సారాయిని తీసివేసి చూచినచో మిగులునది మనకు చిరపరిచితమైన పానకము. తాడేపల్లికి అనతి దూరముననున్న మంగళగిరి కొండపై నరసింహస్వామికి నివేదించు పానకమున బెల్లము, నీరు, మిరియాలు, ఏలకులు ఉండును. తీపి, సువాసన, కారము, నీరు అను కూర్పు ఒకటియే. ఆ కూర్పులో సారాయి చేరినప్పుడు జరుగు మార్పును తెలియుటకు కొంత రసాయనశాస్త్రము అవసరము.

చెరకురసమును కాచి చక్కెర తీసిన పిమ్మట మిగులు నల్లని మడ్డిని మొలాసిస్ అందురు. అందింకను చాల చక్కెర యుండును. దానిని నీటితో పలుచన చేసినచో ఈస్ట్ అను సూక్ష్మజీవి చేరి పులియబెట్టును. 180 గ్రాముల గ్లూకోజు పూర్తిగా పులిసినచో లెక్క ప్రకారము 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల బొగ్గుపులుసు వాయువు ఏర్పడును. ఆల్కహాలు హెచ్చినకొలది ఈస్టు తానే చచ్చును; కావున పులిసిన ద్రవమున సాధారణముగా నూటికి పది, పండ్రెండు పాళ్లకు మించి ఆల్కహాలు ఉండదు. అంతకు మించవలెనన్న బట్టీ పెట్టవలెను. ఆల్కహాలు 78.3 డిగ్రీల సెంటిగ్రేడున మరుగును, నీరు 100 డిగ్రీలవద్ద మరుగును. కాబట్టి ఆవిరిలో ఆల్కహాలు పాలు హెచ్చును. ఆ ఆవిరిని చల్లార్చి బొట్లుబొట్లుగా పట్టుదురు. అరబ్బీలో 'అరక్' అనగా చెమట. సంస్కృతమున స్వేదమన్నను చెమటయే. 'అరక్కు' అను సారాయి పేరును, 'స్వేదనము' అను మన శాస్త్రపదమును ఒకే పోలికనుండి పుట్టుట గమనింపదగినది.

మొలాసిస్ నుండి ఇట్లు దిగిన మద్యమే రమ్ము. పదునేడవ శతాబ్దపు నడుమ పడమటి ఇండియా దీవులలో, ముఖ్యముగా బార్బడోసులో, బానిసల శ్రమతో నడచిన చెరకుతోటల చెంత అది ప్రసిద్ధికెక్కెను. కాని చెరకుసారాయి ఆ దీవులకే పరిమితము కాదు. ఆ కాలముననే బెంగాలును చూచిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియే, అచ్చటి పంచ్‌ను నల్లచక్కెరనుండి దించిన సారాయితో చేయుదురని వ్రాసెను. అది నోటికి ఇంపుగా నుండినను శరీరమునకు చేటని హెచ్చరించెను. ఇంగ్లీషువారు, డచ్చివారు తమ నావికులను దానికి దూరముగా నుంచిన తరువాత వారిలో చావులు తగ్గినవని కూడ అతడు చెప్పెను. మిశ్రమపు రుచియే దాని ప్రమాదమునకు ముసుగని మూడున్నర శతాబ్దముల క్రిందటనే ఒక వైద్యుడు గుర్తించినాడన్నమాట. 1740లో బ్రిటిషు నౌకాధిపతి వెర్నన్ రమ్మునకు నాలుగింతల నీరు కలిపి పంచవలెనని ఆజ్ఞ చేసెను. 'గ్రాగ్' అని పేరుగాంచిన ఆ పంపిణీ 1970 జూలై 31 వరకు సాగెను.

ఇక పాట సంగతి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ట్రినిడాడు దీవిలో అమెరికా సైనికులు విడిసియుండిరి. 1943లో లార్డ్ ఇన్వేడర్ అను గాయకుడు రమ్ము, కోకాకోలాల మిశ్రమము పేరుతో అచ్చట ఒక కాలిప్సో పాట కట్టెను. అమెరికా డాలర్లకై దీవిలోని కుటుంబములు చెదరుటను అది ఎత్తిపొడిచెను. 1945లో ఆండ్రూస్ సోదరీమణులు పాడగా అమెరికాలో అది మారుమ్రోగెను. పాట మూలకర్తల హక్కులకై వ్యాజ్యములు నడచి, తీర్పులు వారి పక్షముననే వచ్చెను. అయినను విన్నవారికి గుర్తున్నవి లయయు, పానీయపు పేరును మాత్రమే; అందలి చేదు వారికి తగులలేదు.

ఇచ్చట పానీయము పాటయైనది. దీనికి ఎదురుగా పాట పేరు పానీయమునకు అమరుటయు కలదు. 1937 నాటి సినిమాపాట యొకదాని పేరు 'బ్లూ హవాయి'. 1957లో హోనొలూలు నగరపు వైకీకీలో హారీ యీ అను పానశాల నిపుణుడు రమ్ము, వోడ్కా, అనాసరసము కలిపి చేసిన నీలి పానీయమునకు ఆ పేరే పెట్టెను. తన నీలిరంగు మద్యమునకు గిరాకీ కలుగునట్లు ఏదేని చేయుమని ఒక డచ్చి కంపెనీ ప్రతినిధి కోరుటయే దానికి కారణము. పేరు మధురగీతానిది, పని వ్యాపారానిది.

మన దేశపు రమ్ము సీసాలపై సామాన్యముగా 42.8 శాతమని యుండును. 60 మిల్లీలీటర్ల రమ్మున సుమారు 20 గ్రాముల ఆల్కహాలు ఉండును. అనాసరసము కలిపినను, నిమ్మరసము పిండినను, ఏ పాట పేరు పెట్టినను ఈ 20 గ్రాములలో ఒక్క గ్రామును తగ్గదు. నాలుకకు తెలియు ఘాటు మాత్రమే తగ్గును. కాలేయములోని ఎంజైములు గంటకు సుమారు 7 మొదలు 10 గ్రాముల ఆల్కహాలును మాత్రమే మార్చగలవు. అదియు ముందు ఎసెటాల్డిహైడు అను విషపదార్థముగా మారి, పిదప ఎసెటేటగును. ఒక్క గ్లాసు పని ముగియుటకే రెండు మూడు గంటలు పట్టును.

పాట దీనికి తోడైన నేమగును? 2008లో ఫ్రాన్సున నికొలా గెగెన్, అతని సహచరులు బీరుశాలలలో ఒక పరీక్ష చేసిరి. సంగీతము 72 డెసిబెల్లుల స్థాయిలో నున్నప్పుడు యువకులు ఒక గ్లాసు బీరును సుమారు పదునాలుగున్నర నిమిషములలో త్రాగిరి. దానిని 88 డెసిబెల్లులకు పెంచగా సుమారు పదకొండున్నర నిమిషములకే ముగించిరి. గ్లాసుల సంఖ్యయు పెరిగెను. అనగా తీపి ఘాటును కప్పును, పాట గ్లాసుల లెక్కను కప్పును. ఆల్కహాలును ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 1988లోనే క్యాన్సరు కారకముల మొదటి తరగతిలో చేర్చినది. హాని లేని మోతాదు అనునది లేదని 2023లో ఆరోగ్యసంస్థ ప్రకటించినది.

మన రాష్ట్రమున పాట దీనికి ఎదురు తిరిగిన చరిత్రయు కలదు. తాడేపల్లిని విజయవాడతో కలుపు బ్యారేజి ఎవరి పేరు దాల్చినదో ఆ ప్రకాశంగారి మంత్రివర్గము, 1954 నవంబరులో మద్యనిషేధపు సమస్యపైననే ఒక్క ఓటుతో పడిపోయెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా ఉద్యమపు పాటలు, నాటికలు, వాచకములోని పాఠము ప్రేరణగా స్త్రీలు సారాయి దుకాణమును మూయించిరి. అది రాష్ట్రమంతట వ్యాపించెను. 1993 అక్టోబరు 1న సారాయిపై నిషేధము, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో దానిని సడలించిరి. శాసనములు వచ్చును, పోవును. కాని కూలిడబ్బులు ఎచ్చటికి పోవుచున్నవో లెక్కించుట ఆ స్త్రీలు ఆ పాటలతో నేర్చుకొనిరి.

పేటపోలి ఉత్తరము మొదలు నీలి పానీయము వరకు చూచినచో, మిశ్రమపు కళ యంతయు మద్యపు అసలు గుణమును మరపించుటలోనే యున్నదని తేలును. లెక్కను మరపించు పాటయు కలదు, లెక్కను నేర్పు పాటయు కలదు. ఇక చెరకు తీపి విషయమున, మంగళగిరి పానకము చాలును. దానిని త్రాగి ఎంతసేపు పాడినను గొంతు తడబడదు.