అధిక సంఖ్యకు హద్దు

1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు 7–6 తేడాతో ఒక హద్దు గీసింది: పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించవచ్చు గాని, దాని మౌలిక స్వరూపాన్ని చెరపరాదు. కేరళ భూసంస్కరణలపై కోర్టుకెక్కినది ఒక మఠాధిపతి. కనుక ఈ హద్దు భూస్వాములకు పెట్టనికోట అని నేనూ తలచాను.

పొరబడ్డాను. ఆ భూసంస్కరణ చట్టాలకు రక్షణ కల్పించిన 29వ సవరణ నిలిచింది. 1975 ఆగస్టులో, ప్రతిపక్ష నాయకులు జైళ్లలో ఉండగా, 39వ సవరణ ప్రధానమంత్రి ఎన్నికను కోర్టుల విచారణకు అందకుండా చేసింది. ఆ నిబంధన నిలవలేదు. నవంబరులో ఆ సూత్రం ఆధారంగానే కోర్టు దానిని కొట్టివేసింది.

దీన్నిబట్టి తేలేదేమిటి? భూమిని పంచే హక్కు మెజారిటీకి ఉన్నది. తనను గద్దె దింపే దారిని మూసివేసే హక్కు లేదు. నేటి మైనారిటీ రేపు మెజారిటీ కావలసినది ఆ దారినే. దాని అవసరం మనకంటే ఎవరికెక్కువ?