అగ్నిగోళం నుంచి పెదవాగు దాకా: పంచభూతాల ఆట పుట్టిన కథ

మంత్రగాడు విసిరిన అగ్నిగోళం ఎంత మేర కాల్చాలి? 1971లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెర్రెన్ అనే ఇద్దరు ఈ లెక్క తేల్చారు. బల్ల మీద బొమ్మ సైనికులతో ఆడే యుద్ధాలకు వాళ్లు 'చైన్‌మెయిల్' అనే నియమాల పుస్తకం రాశారు. కోటల మీదికి బండరాళ్లు విసిరే యంత్రానికి, ఫిరంగికి అందులో కొలతలున్నాయి. పుస్తకం చివర మంత్రగాళ్లకు, డ్రాగన్లకు చోటిస్తూ ఒక అనుబంధం చేర్చారు. అగ్నిగోళం దెబ్బ పెద్ద రాళ్లయంత్రం దెబ్బంత, పిడుగు దెబ్బ పెద్ద ఫిరంగి దెబ్బంత అని అందులో రాశారు. గాలి, నేల, నిప్పు, నీరు రూపం దాల్చి వచ్చే భూతాలూ ఆ అనుబంధంలోనే ఉన్నాయి. హద్దు లేని మాయకు అలా కొలత దొరికింది. కొలత దొరికాకే అది ఆటకు పనికొచ్చింది.

ఇంకో పాయ మిన్నెసోటా నుంచి వచ్చి కలిసింది. 1969లో డేవిడ్ వెస్లీ నెపోలియన్ కాలపు యుద్ధక్రీడ ఒకటి నడుపుతూ, ఆటగాళ్ల చేతికి సైన్యాల బదులు మనుషుల్ని ఇచ్చాడు. ఒకరు ఊరి మేయరు, ఒకరు బ్యాంకరు, ఒకరు విశ్వవిద్యాలయ ఛాన్సలరు. ఎవరి పాత్ర కోసం వాళ్లు మంతనాలు, ఎత్తులు మొదలుపెట్టారు. ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్ ఇదే పద్ధతిని 'బ్లాక్‌మూర్' అనే కల్పిత రాజ్యానికి తీసుకెళ్లి, కోట కింది నేలమాళిగల్లోకి మిత్రుల్ని నడిపించాడు. ఆర్నెసన్, గైగాక్స్ కలిసి చేసిన 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో వెయ్యి పెట్టెలుగా బయటికొచ్చింది. ఒక్కో ఆటగాడు ఒక్కో పాత్ర. ఎదుటి లోకాన్ని వర్ణించేది గేమ్ మాస్టర్. తెగని చోట పాచిక తేలుస్తుంది. వారాల తరబడి సాగే అలాంటి కథనే క్యాంపెయిన్ అంటారు.

ఆ పెట్టెలోని నియమాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది భూతాన్ని పిలిచే మంత్రం. మంత్రగాడు ఒక్కో రకం భూతాన్ని రోజుకు ఒక్కసారే పిలవగలడు. పిలిచాక మనసంతా దాని మీదే నిలపాలి. దృష్టి చెదిరిందా, అది పిలిచినవాడి మీదికే తిరగబడుతుంది. శక్తి, దానికి చెల్లించే మూల్యం ఒకే వాక్యంలో ఉన్నాయి. ఇది మనకు కొత్త సంగతేం కాదు. ఆగ్నేయాస్త్రానికి వారుణాస్త్రం విరుగుడని భారతం విన్న ప్రతివాళ్లకూ తెలుసు. బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని వదలడం అర్జునుడికీ, అశ్వత్థామకూ ఇద్దరికీ వచ్చు. వెనక్కి తీసుకోవడం అర్జునుడికే వచ్చు. సౌప్తిక పర్వంలోని ఆ ఘట్టం నడిచేదంతా ఆ ఒక్క తేడా మీదే.

పాచికల కథ ఇంకా విచిత్రం. తొలి ఆటగాళ్లు బడులకు గణిత సామగ్రి అమ్మే కంపెనీ నుంచి పాచికల సెట్లు తెప్పించుకున్నారు. 4, 6, 8, 12, 20 ముఖాలవి, మొత్తం ఐదు. అన్ని ముఖాలూ ఒకే సమ బహుభుజిగా, ప్రతి మూలా ఒకేలా ఉండే కుంభాకార ఘనరూపాలు జ్యామితిలో సరిగ్గా ఆ ఐదే. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో ప్లేటో తన 'తిమాయస్'లో వీటిని భూతాలకు పంచాడు. మొన తేలినది కాబట్టి నాలుగు ముఖాలది నిప్పుకు, కదలక కూర్చునేది కాబట్టి ఆరు ముఖాలది నేలకు, ఎనిమిది గాలికి, ఇరవై నీటికి. పన్నెండు ముఖాలది విశ్వమంతటికీ అన్నాడు. అంటే ఆట పుట్టిన నాటి నుంచీ పంచభూతాలు ఆటగాళ్ల అరచేతిలోనే ఉన్నాయి.

గైగాక్స్ 1979లో 'విలేజ్ ఆఫ్ హామ్లెట్' అనే చిన్న ఊరిని రాశాడు. ఆ ఊరికి దగ్గర్లో నాలుగు భూతాలను కొలిచే దుష్టుల పాడుబడ్డ గుడి ఒకటుంటుంది. ఆ గుడి కథ ఫ్రాంక్ మెంట్జర్‌తో కలిసి 1985లో పూర్తయింది. భూతాల మాయ మీద నడిచే క్యాంపెయిన్లకు అదే పెద్ద ఒరవడి. మొదట ఊరు, ఊళ్లో మనుషులు, వాళ్ల భయాలు. మాయ ఆ తర్వాత.

ఆ ఒరవడితోనే తెలంగాణలోని అశ్వారావుపేట చుట్టూ ఒక క్యాంపెయిన్ అల్లుతున్నాను. ఒకవైపు పామాయిల్ తోటలు, ఒకవైపు అడవి, నాలుగడుగులు వేస్తే ఆంధ్ర సరిహద్దు. ఐదు పాచికలకు ఐదు నియమాలు, ఐదూ ఈ నేల మీద జరిగేవే.

నీటికి ఇరవై ముఖాల పాచిక. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో నది 75 అడుగులు దాటింది, 2022 జులైలో 71 దాటింది. ఆటలో నీటిమట్టం 30 దగ్గర మొదలవుతుంది. నీటి మాయ వాడిన ప్రతిసారీ పాచికలో పడ్డ అంకె మట్టానికి కలుస్తుంది. ఇప్పుడు మట్టం 38 అనుకుందాం. గట్టున చిక్కుకున్న పిల్లల్ని దాటించాలి, వాగును కాసేపు ఆపాలి. గేమ్ మాస్టర్ "ఏం చేస్తావ్?" అంటాడు. ఆరు పడితే 44, మొదటి హెచ్చరిక దాటింది: పిల్లలు దాటారు, కింది ఊరి తోవ మునిగింది. పదహారు పడితే 54, మూడోదీ దాటింది: పిల్లలు దాటారు, కట్టకు గండి పడింది. 2024 జులైలో గుమ్మడవల్లి దగ్గర పెదవాగు ప్రాజెక్టుకు గండి పడినప్పుడు నీళ్లు వెళ్లింది సరిహద్దు అవతలి వేలేరుపాడు, కుక్కునూరు ఊళ్ల మీదికి. పైన చేసిన పనికి కింద ఎవరు మునుగుతారో ఆలోచించకుండా ఈ ఆటలో నీటిని ముట్టుకోలేరు.

నిప్పుకు నాలుగు ముఖాలది. పడేది చిన్న అంకే, కానీ ఆర్పేదాకా ప్రతి వంతులోనూ మళ్లీ పడుతూ, కలుస్తూ పోతుంది. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఎండుటాకులు తగలబెట్టేవాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు. గాలికి ఎనిమిది ముఖాలది. గాలి ఒంటరిగా ఏమీ చేయదు. పక్కవాడి పాచికకు బలం కలుపుతుంది, నిప్పుకైనా నీటికైనా. నేలకు ఆరు ముఖాలది. ఈరోజు అడిగింది నేల ఈరోజే ఇవ్వదు. విత్తే ముందు కోయగూడేల్లో భూమి పండుగ చేస్తారు, ఆ తర్వాతే నాగలి. ఆటలోనూ నేలను ముందు అడగాలి. ఫలితం తర్వాతిసారి ఆటకు కూర్చున్నప్పుడు వస్తుంది.

ఆకాశానికి పన్నెండు ముఖాలది. మన శాస్త్రాలు ఆకాశానికి చెప్పిన గుణం శబ్దం. కోయల వంశగాథలు కాగితం మీద కాక డోలు మీదా, గొంతు మీదా నిలిచాయి. 2022లో పద్మశ్రీ అందుకున్న మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల చరిత్రను పాటగా గుండెలో దాచుకున్న దివంగత కళాకారుడు. అందుకే ఈ మాయ కావాలంటే ఆటగాడు అప్పటిదాకా జరిగిన కథను తన గొంతుతో చెప్పాలి. చనిపోయినవాళ్లనూ, మునిగిన ఊళ్లనూ పేరు పేరునా తలవాలి. ఒక్క పేరు మరిచినా పాచిక చేతికి రాదు.

ఒక హద్దు మాత్రం ముందే గీశాను. 1980లో వచ్చిన 'డీటీస్ అండ్ డెమీగాడ్స్' పుస్తకం ఇంద్రుడికి, అగ్నికి కూడా ప్రాణబలం అంకెల్లో కట్టింది. ఈ ఆటలో సమ్మక్కకు అంకెలు ఉండవు, అడవిలోని గుబ్బల మంగమ్మ తల్లికీ ఉండవు. జనం నేటికీ మొక్కే దేవతల్ని పాచికలతో ఓడించడం తగదు. కోయల కథ చెప్పాలనుకుంటే కోయ మిత్రులు బల్ల దగ్గర ఉండాలి, మాట వాళ్లది కావాలి.

అశ్వారావుపేట మీ ఊరు కాకపోతే ఈ అంకెలు మీకు పనికిరావు. మీ చెరువు ఏ తూము దగ్గర తెగుతుందో, ఏ నెలలో ఏ దిక్కు గాలి వీస్తుందో ఇంట్లో పెద్దల్ని అడిగి రాసుకోండి. మీ నియమాల పుస్తకంలో మొదటి పేజీ అదే. పాచికలు ఆ తర్వాత కొనుక్కోవచ్చు.