లేసు అల్లికయు ప్రకటనచిత్రములును

తెలుగున 'అల్లు' ధాతువునకు విషయము మిక్కిలి విస్తారమైనది. జడ నల్లుదురు, మాల నల్లుదురు, బుట్ట నల్లుదురు, నులకతో మంచము నల్లుదురు. సాలెపురుగు గూడల్లును. లేనిపోని కథ నల్లువారును కలరు. కావ్యవిమర్శకులు పద్యపుకూర్పునకును అల్లిక యనియే పేరిడిరి. ఈ విస్తారమువలన భాషకు గలిగిన లాభము చాల కలదు గాని, ఒక్కచోట నష్టమును గలిగినది. రెండు సూదులతో ఉన్నిని స్వెట్టరుగా దీర్చు పనికిని, కొక్కెపు మొనగల యొంటి సూదితో నూలుదారమును లేసుగా దీర్చు పనికిని తెలుగువా రొకటే పేరు వాడుచున్నారు. ఈ రెండవదానినే పాశ్చాత్యులు క్రోషే యందురు. కృష్ణకు ఉత్తరముగా మెట్టసీమలో మామిడితోటల నడుమ నున్న రెడ్డిగూడెము వంటి గ్రామములలో ఉన్నివస్త్రము నిత్యావసరము గాదు. కావున అచ్చటి చదువరికి ఉన్ని అల్లిక పరిచయమగునది తఱచుగా బొమ్మలవలననే. ఆ బొమ్మ తప్పైనచో దిద్దువారు ఇంట నుండరు.

రెండును దారమును ఉచ్చులుగా మలచి వస్త్రము చేయు విద్యలే యైనను మార్గములు వేఱు. సూదుల అల్లికలో నొక వరుసయందలి ఉచ్చులన్నియు ముడిపడక సూదిమీద నిలిచియుండును. సూది యూడెనా, వరుస యంతయు జాఱిపోవును. కొక్కెపు అల్లికలో సూదిపై నుండునది సామాన్యముగా నొక్క ఉచ్చే. తక్కినవన్నియు అప్పటికే బిగిసి ముగిసియుండును. బల్లగుడ్డ యెంత పెద్దదైనను పని జరుగు తావు గోరంతయే. వస్త్రముఖమును జూచినను భేదము తెలియును. సూదుల అల్లికయందు చిన్నచిన్న జడపాయలు నిలువువరుసలుగా గన్పట్టును. కొక్కెపు అల్లికయందు గొలుసుకడియములును, వానిపై నిలిచిన పొట్టి పొడుగు కంబములును, నడుమ కిటికీలవంటి ఖాళీలును గన్పట్టును. అల్లునది వామహస్తపు వ్రేలిపై దారమును బిగువుగా నడిపించుచుండును. ఆ బిగువే పనియందలి నేర్పు.

ప్రకటనచిత్రములలో నీ భేద మెంతమాత్రమును నిలువదు. ఛాయాచిత్రకారుడు నూలుండలో రెండు సూదులను అడ్డముగా గ్రుచ్చి, ప్రక్కన లేసుగుడ్డను పఱచి, ఈ గుడ్డ ఈ సూదులవలన బుట్టినదని చూపరిని నమ్మింపజూచును. కొన్నిట సూదులు అంచు మూసి ముగించిన వస్త్రములో గ్రుచ్చబడియుండును. ఒక్క ఉచ్చైనను వానిపై నుండదు. కొన్నిట ఉండనుండి వచ్చు దారము వస్త్రమును జేరనే చేరదు. కొన్నిట ముసలమ్మ వేషము వేసిన వనిత సూదులను తలక్రిందులుగా బట్టి చిఱునవ్వు నవ్వుచుండును. వీణను ఎడమచేత మీటుచు కుడిచేత మెట్లు నొక్కు సరస్వతిని జిత్రించినచో మనవారు సహింతురా? అల్లికవిషయమున మాత్రము ఎవరును కాదనరు. అది యింటిపని గదా, దాని కింత పట్టింపేల యను భావమే దీనికి మూలము.

చిత్రకళకు ఈ సూక్ష్మము అసాధ్యమని చెప్ప వలనుపడదు. క్రీ. శ. 1400 ప్రాంతమున జర్మనుదేశమున మైస్టర్ బెర్‌ట్రాం అను చిత్రకారునిచే, లేదా ఆతని శాలయందు, బుక్స్‌టెహూడె కన్యాస్త్రీల మఠమునకై యొక బలిపీఠఫలకము రచింపబడినది. అది నేడు హాంబుర్గు చిత్రశాలలో నున్నది. అందు మేరీమాత తన బాలునికై కుట్టులేని చొక్కాను అల్లుచుండును. గుండ్రముగా సాగు ఆ పనికి రెండు సూదులు చాలవు. చిత్రమున నాలుగు సూదులున్నవి. ఆమె మెడయంచును ముగించుచున్నది. ప్రక్కన దేవదూతలు శిలువను, ఈటెను దెచ్చి నిలిచియున్నారు. కుట్టులేని యా వస్త్రమునకే పిదప శిలువకడ చీట్లు వేయబడునని క్రైస్తవకథ యగుటచే, ఆ సూదుల లెక్క తప్పినచో చిత్రార్థమే తప్పును. చిత్రకారుడు అల్లువారి కడ గూర్చుండి చూచియుండవలెను.

మన దేశముననే మఱియొక యుదాహరణము గలదు. 1946లో మార్గరెట్ బూర్క్‌వైట్ అను అమెరికాదేశపు ఛాయాచిత్రకారిణి గాంధీమహాత్ముని రాట్నముతో గూడ జిత్రింపవచ్చినప్పుడు, ముందుగా తాను రాట్నము త్రిప్ప నేర్చుకొనవలెనని ఆయన కార్యదర్శి నిబంధన పెట్టెను. ఆమె నేర్చుకొనెను. ఆ ప్రసిద్ధచిత్రమున రాట్నము ముందున్నది. మహాత్ముడు వెనుక గూర్చుండి కాగితములు చదువుకొనుచున్నాడు, నూలు వడకుట లేదు. వడకనివానిని వడకుచున్నట్లు కూర్చుండబెట్టుటకు ఆమె యత్నింపలేదు. 1997లో నారంభమైన యొక గణనయంత్రవ్యాపారసంస్థ ప్రచారమున ఆ చిత్రమే ప్రకటనగా మాఱెను. అప్పటికి రాట్నమున కర్థము పోయి భంగిమ మాత్రము మిగిలెను.

ఇక గోదావరీతీరమునకు వత్తము. తెలుగుదేశమున కొక్కెపు లేసునకు నరసాపురము పుట్టినిల్లు. 1844లో స్కాట్లాండునుండి వచ్చిన మెక్రే దంపతులు అచ్చటి స్త్రీలకు ఈ విద్యను నేర్పిరని పరంపరాగతముగా జెప్పుదురు. గోదావరిపై ఎగువనున్న దుమ్ముగూడెమునను క్రైస్తవప్రచారకుల ప్రోత్సాహమున లేసుపని వ్యాపించెను. యూరపునందే ఈ విద్య యప్పటికి క్రొత్తది. డచ్చిభాషలో పెనెలోపె యను పత్రిక కొక్కెపు అల్లిక మాదిరులను 1823లో ప్రకటించినది. 1845 తరువాత ఐర్లండున ఉర్లగడ్డపంట చెడి క్షామము సంభవించినప్పుడు అచ్చటి స్త్రీలకు జీవనాధారమైనది ఈ లేసే. డెల్టాలో లంకలు, చేలు గల పల్లెలలో స్త్రీలు పాశ్చాత్యుల మేజాలకై గుడ్డ లల్లుట యీ విధమున నారంభమైనది. తాము చేయు వస్తువును తమ యిండ్ల నుపయోగింపనివారు దానిని తరతరములుగ జేయుట గమనింపదగినది.

జర్మను సామాజికశాస్త్రజ్ఞురాలగు మరియా మీస్ 1978లో నరసాపురప్రాంతమునకు వచ్చి ఈ వృత్తిని పరిశీలించి, 1982లో లండనునుండి తన గ్రంథమును ప్రకటించెను. అందలి వివరములు చదివినవారికి ప్రకటనచిత్రములలోని అసలు తప్పు సూదులలో లేదని తోచును. చిత్రమున నొక స్త్రీ పూర్తియైన గుడ్డను ఒడిలో నుంచుకొని కూర్చుండును. వాస్తవమున నట్టి స్త్రీ లేదు. ఒకతె పువ్వుల నల్లును. ఆ పువ్వులు గట్టలుగా గట్టబడి వేఱొక యింటికి పోవును. అచ్చట మఱియొకతె వానిని గూర్చి అతుకుపని చేయును. నడుమ దళారి దారము దెచ్చి యిచ్చి, పని కొనిపోవును. పూర్తియైన గుడ్డను జూచువాడు వర్తకుడు. వాడువాడు సముద్రమున కావల నుండును. పువ్వు నల్లినది ఆ పువ్వు ఏ గుడ్డలో జేరినదో యెఱుగదు.

చిత్రము చెప్పు రెండవ యబద్ధము విశ్రాంతి. మధ్యాహ్నభోజనానంతరము గృహిణి కాలక్షేపమునకై చేయు వినోదము లేసుపని యని వర్తకులు చెప్పుచుండిరి. మీస్ గణించిన ప్రకారము ఇంటిపని గాక దినమునకు ఆఱు మొదలు ఎనిమిది గంటలవఱకు వారు అల్లుచుండిరి. ఆనాటి ప్రతిఫలము దినమునకు రూపాయికి లోబడియే యుండెను. జనగణనయందు వారిలో పెక్కుమంది పనివారుగా లెక్కకు రాక గృహిణులుగానే నిలిచిరి. ఇల్లు వెడలి కూలికి పోవుట మర్యాదకు లోపమని తలచిన కుటుంబముల స్త్రీలకు ఈ పేరు కొంత గౌరవముగను నుండెను. కాని కాలక్షేపమున కెవరు కూలి యడుగుదురు? అడిగినను ఎంత యడుగుదురు? కిటికీవెలుగులో నవ్వుమొగముతో నూఱకే సూది పట్టుకొన్న స్త్రీ చిత్రము ఆ తక్కువ కూలికి సాక్ష్యము పలుకుచున్నది. సూది తప్పుగా బట్టించుట అందులో నొక యంశము మాత్రమే. పని తెలియనివాడే పనిని ఆటయని చెప్పగలడు.

సాంకేతికభేదమును గలుపుటవలన మఱియొక హాని గలదు. సూదుల అల్లికకు యంత్రము 1589లోనే ఇంగ్లాండున విలియం లీ చేత నిర్మింపబడినది; చేతిపనివారి పొట్ట గొట్టునని రాణి దానికి హక్కుపత్ర మీయలేదని కథ. కొక్కెపు అల్లికను అచ్చముగా నట్లే చేయు యంత్రము వ్యాపారమున నేటికిని లేదు. అంగడిలో ఆ పేర నమ్మబడు యంత్రవస్త్రములు పైకి దానిని బోలినవి మాత్రమే, కూర్పు వేఱు. కావున నిజమైన కొక్కెపు లేసు ఎచ్చట గనబడినను దానివెనుక నొక మనిషి చేయి యుండితీరును. ప్రకటనలో దానిప్రక్కన రెండు సూదులు పెట్టి రెండును నొకటే యనిపించినచో, యంత్రపు సరకు ఆ సందున లోనికి వచ్చును. చౌకయైన యంత్రపు లేసు విదేశములనుండి వచ్చి నరసాపురపు పనిని దెబ్బ తీసినదని అచ్చటివారు చిరకాలముగా మొఱపెట్టుకొనుచున్నారు.

2024లో నరసాపురపు లేసునకు భౌగోళికసూచిక లభించినది. 1999 నాటి చట్టము ననుసరించి, వేఱొకచోట బుట్టిన సరకును ఆ పేర నమ్మరాదు. పేరునకు గాపు దొరకినది. బొమ్మలో సూది ఎట్లున్నదని చట్ట మడుగదు. ఇటీవల గణనయంత్రములే బొమ్మలను గల్పించుచున్నవి. కొక్కెపు అల్లిక పేర నట్టి బొమ్మలును, వానికి దగిన మాదిరికాగితములును విక్రయమునకు వచ్చుచున్నవి. వానియందు గొలుసు లెచ్చటనో మొదలై యెచ్చటను ముగియవు. కంబములు పైవరుసకు అందక గాలిలో నిలుచును. కొన్నవారు వానిని ముందుంచుకొని అల్లబూనినచో రెండు మూడు వరుసలలోనే తరువాతి కుట్టునకు చోటు దొరకక, సూది చేతనుంచుకొని ఆగిపోవలసివచ్చును.