సూర్యనమస్కారం: మొక్కు నుంచి చాప దాకా

ఆదివారం పొద్దున మా తాతయ్య పచ్చి మంచినీళ్లు కూడా ముట్టేవారు కాదు. బావి దగ్గర స్నానం చేసి, తడిపంచెతోనే పెరట్లో తూర్పుముఖంగా నిలబడి అరుణం అనే వేదభాగం మొదలుపెట్టేవారు. అందులో ఒక పనస, అంటే ఒక చిన్న ఖండం చెప్పడం, నేలమీద సాగిలపడి మొక్కడం, లేచి ఊపిరి కూడగట్టుకుని తర్వాతి పనస అందుకోవడం. అలా 132 పనసలు, 132 నమస్కారాలు. అవి పూర్తయ్యేసరికి వంట అయిపోయి, పెరట్లో నీడ కాళ్లకిందికి వచ్చేసేది. బడిలో డ్రిల్లు మాస్టారు నేర్పిన సూర్యనమస్కారాలు గుర్తొచ్చి, "తాతయ్యా, నువ్వు చేసేది యోగాయేనా?" అని ఒకసారి అడిగాను. "కాదురా, అర్చన" అన్నారాయన.

ఆ ఒక్క మాటలో ఎంత చరిత్ర ఉందో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

తాతయ్య చెప్పిన అరుణం తైత్తిరీయ ఆరణ్యకంలో మొదటి ప్రశ్న, అంటే మొదటి అధ్యాయం. తెలుగునాట వేదం చదువుకున్న ఇళ్లలో ఎక్కువమందిది కృష్ణ యజుర్వేదమే కాబట్టి, ఇక్కడ సూర్యనమస్కారాలంటే ముందుగా అరుణమే తలపుకొస్తుంది. ఋగ్వేదుల పద్ధతి వేరు. తృచకల్పం అంటారు. మూడు ఋక్కులు, హ్రాం హ్రీం అనే బీజాక్షరాలు, మిత్రుడు మొదలుకొని భాస్కరుడి దాకా పన్నెండు నామాలు. ఇప్పుడు యోగా తరగతుల్లో వినిపించే పన్నెండు నామాలు అవే. ఈ రెండు పద్ధతుల్లోనూ ముఖ్యం మంత్రం, నమస్కారం. నడుము ఎంత వంగాలి, మోకాలు ఎక్కడ ఆనాలి అన్న పట్టింపు లేదు.

అరసవల్లి సూర్యుడి గుడికి వెళ్లినవాళ్లకు ఈ సంగతి ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. చర్మవ్యాధో కంటిజబ్బో తగ్గాలని మొక్కుకున్నవాళ్లు అక్కడ గోత్రనామాలు చెప్పి సూర్యనమస్కారాల సేవ చేయించుకుంటారు. వంగి లేచేది అర్చకుడు, ఆరోగ్యం భక్తుడికి. వ్యాయామమైతే ఈ లెక్క కుదరదు. మొక్కు కాబట్టి కుదిరింది.

మరి యోగశాస్త్రం ఏమంది? పతంజలి సూత్రాలు రెండు వందలకు నాలుగైదు తక్కువ. వాటిలో ఆసనం గురించి చెప్పినవి మూడే. స్థిరంగా, సుఖంగా కూర్చోవడమే అక్కడ ఆసనం. 15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపిక పదిహేను ఆసనాలు వివరించింది గానీ, వాటిలో సూర్యనమస్కారం లేదు. అంతేకాదు, 19వ శతాబ్దంలో ఆ గ్రంథానికి జ్యోత్స్న అనే వ్యాఖ్యానం రాసిన బ్రహ్మానందుడు, సాధకుడు చేయకూడని శరీరకష్టాలకు ఉదాహరణగా అతిగా సూర్యనమస్కారాలు చేయడాన్ని, పెద్ద బరువులు మోయడాన్ని పక్కపక్కనే చెప్పాడు. ఆ చోటు మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. ఇవాళ యోగాకు ముఖచిత్రంగా నిలిచిన సాధనను అతిగా చేయడాన్ని ఒకప్పుడు ఒక యోగగ్రంథ వ్యాఖ్యాత వద్దన్న జాబితాలో పెట్టాడు!

గుడిలో ఉన్న నమస్కారాన్ని యోగశాలకు చేర్చింది తాలింఖానా. దండీలు తీసే పహిల్వాన్‌ను ఒక్కసారి దగ్గరగా చూడండి. చేతులు నేలకు ఆనించి, నడుము ఎత్తి, ఛాతీ నేలను రాసుకుంటూ ముందుకు జారి, తల పైకెత్తుతాడు. సూర్యనమస్కారం నడిమి భాగమంతా అదే. మహారాష్ట్రలో సమర్థ రామదాసు రోజూ పన్నెండు వందల నమస్కారాలు చేసేవారని చెప్పుకుంటారు. భక్తీ బలమూ అక్కడ ఎప్పటినుంచో కలిసే నడిచాయి.

ఆ నేలమీదే, సతారా దగ్గరి ఔంధ్ అనే చిన్న సంస్థానంలో, ఈ కథ మలుపు తిరిగింది. అక్కడి రాజు భవన్‌రావు పంత్ ప్రతినిధి (1868–1951) వయసులో ఉన్నప్పుడు యూజెన్ శాండో అభిమాని. మన బట్టల కొట్లలో ఇప్పటికీ 'శాండో బనియన్' అని అడుగుతామే, ఆ శాండోయే, ఐరోపాను ఊపేసిన కండల వీరుడు. అదే కాలంలో మన వీరఘట్టం నుంచి కోడి రామమూర్తినాయుడు గుండెలమీద ఏనుగును ఎక్కించుకుని దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. దేహబలం లేకనే పరాయిపాలనలో పడ్డామన్న బాధ ఆనాటి చదువుకున్నవాళ్లలో చాలామందిది. ఔంధ్ రాజు శాండో సామాను తెప్పించుకుని పదేళ్లు సాధన చేశాడు. ఆపైన వాటిని పక్కనపెట్టి, ఇంటి ఆచారంగా తెలిసిన నమస్కారాలకు మళ్లాడు. తాను చేయడంతో ఆగలేదు. సంస్థానంలోని బడుల్లో పెట్టించాడు, 1928లో ఇంగ్లీషులో పుస్తకం రాశాడు. పది భంగిమలు, బీజమంత్రాలతో సహా. ఏ సామానూ అక్కర్లేదు, ఆడా మగా పిల్లా పెద్దా అందరూ చేయవచ్చు అన్నదే ఆయన పట్టుదల. ఈ సాధనను ఆయన కనిపెట్టాడని అనను. ఆయనా అనుకోలేదు. మడికట్టుకున్నవాళ్ల పెరట్లోంచి దాన్ని బడి మైదానానికి తెచ్చిన ఘనత మాత్రం ఆయనదే. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

ఇక మైసూరు. 1933లో జగన్మోహన ప్యాలెస్‌లో తిరుమలై కృష్ణమాచార్యులు యోగశాల తెరిచారు. శ్వాసతో కదలికను ముడివేసి, ఒక ఆసనంలోంచి ఇంకో ఆసనంలోకి జారే పద్ధతి అక్కడ పదునెక్కింది. ఆయన శిష్యుడు పట్టాభి జోయిస్ పాఠంలో సూర్యనమస్కారమే తొలిమెట్టు అయింది. శివానందుల శిష్యుడు విష్ణుదేవానంద 1960లో అచ్చువేసిన పుస్తకంతో అది సముద్రాల అవతల ఇంకా వ్యాపించింది.

పుట్టుక ఇలా తెలిశాక కొందరు చిన్నబుచ్చుకుంటారు, 'అయితే ఇది ప్రాచీన యోగం కాదా' అని. నాకైతే దీని మేలు ఎక్కడుందో ఈ చరిత్రే చూపించింది. ముందుకు వంగినప్పుడు పొట్ట నొక్కుకుని ఊపిరి బయటికి పోతుంది. వెనక్కి వాలినప్పుడు ఛాతీ విచ్చుకుని లోపలికి వస్తుంది. తొడల వెనకా వీపులోనా రోజంతా కూర్చుని బిగుసుకున్న కండరాలు సాగుతాయి. ఇంతవరకు తాలింఖానా పెట్టిన భిక్ష. ఊపిరిని నెమ్మదింపజేసేది మాత్రం మంత్రం. ఇటలీలో బెర్నార్డి బృందం 2001లో ప్రచురించిన పరిశోధనలో, జపమాల ప్రార్థనో యోగమంత్రమో చెబుతున్నవాళ్ల ఊపిరి నిమిషానికి ఇంచుమించు ఆరుకు దిగింది. ఆ వేగంలో రక్తపోటునూ గుండె లయనూ సర్దే యంత్రాంగం చురుగ్గా పనిచేస్తున్నట్టు వాళ్లు గమనించారు. ఇవాళ ఎక్కువగా నేర్పే పన్నెండు కదలికల్లో ఒకదానికి పీల్చడం, తర్వాతి దానికి వదలడం అనుకుంటే ఒక నమస్కారానికి ఆరు శ్వాసలు. అంటే నిమిషానికి ఒక నమస్కారం. 2025 జూన్ 20న విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ మైదానంలో ఇరవై వేలకు పైగా గిరిజన విద్యార్థులు 108 నిమిషాల్లో 108 నమస్కారాలు చేశారని చదివినప్పుడు, వేలమంది పిల్లలు ఒకే ఊపిరితో వంగి లేవడం కళ్లముందు మెదిలింది.

నేనూ ఒకసారి ఒక శిబిరంలో 108 చేశాను. మైకులో అంకెలు పరుగెత్తాయి, వాటి వెనక మేం పరుగెత్తాం. నామం లేదు, ఊపిరికి చోటు లేదు. ఎడమ మణికట్టు వాచి నెలరోజులు గ్లాసు పట్టుకోలేకపోయాను. బ్రహ్మానందుడి హెచ్చరిక ఆ నెలలో బాగా గుర్తొచ్చింది. ఇప్పుడు పొద్దున పన్నెండే చేస్తాను, నామానికి ఒకటి చొప్పున. నడుములో డిస్కు జారినవాళ్లు, రక్తపోటు అదుపులో లేనివాళ్లు, కంట్లో నీటికాసులు ఉన్నవాళ్లు, గర్భిణులు మాత్రం డాక్టరును అడక్కుండా మొదలుపెట్టకూడదు.

పన్నెండూ అయ్యాక చాపమీద బోర్లా అలాగే ఉండిపోతాను. ఇది ఏ పుస్తకంలోంచీ నేర్చుకోలేదు. నూటముప్పై రెండో నమస్కారం తర్వాత తాతయ్య వెంటనే లేచేవారు కాదు. నుదురు మట్టికి ఆనించి, జోడించిన చేతులతోనే చాలాసేపు ఉండేవారు. వీపు ఎగసిపడటం తగ్గి, మెల్లగా, ఇంకా మెల్లగా, కదులుతోందో లేదో తెలియనంతగా అయ్యేది. నానమ్మ మజ్జిగ గ్లాసు అరుగుమీద పెట్టి, పిలవకుండా లోపలికి వెళ్లిపోయేది.